కొత్తవాళ్ళకు సాదర స్వాగతం, కుర్చీ అక్కడుంది

తిరుపతిలో మా కాలనీ గుడి గోడకు ఫ్లెక్సీ కట్టారు: ‘కోలాటం నేర్చుకోండి, అందరికీ స్వాగతం.’ అచ్చుతప్పులు లేవు. అబద్ధం ఒక్కటే ఉంది.

బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు మాడవీధుల్లో ఆడాలని ఏ బృందానికి ఉండదు? అంత పెద్ద లక్ష్యం పెట్టుకున్నవాళ్ళు కొత్తవాళ్ళను ఊరికే చేర్చుకుంటారా? అందుకే మావాళ్ళు ఇంటర్వ్యూ పెట్టారు. మొన్న సాయంత్రం కొత్తగా వచ్చినావిడను లీడరక్క అడిగిన మొదటి ప్రశ్న, “ఏ అపార్ట్‌మెంటమ్మా?” రెండోది, “సొంతమా, బాడుగా?” తాళం తెలుసా అని మాత్రం అడగలేదు. అంత సొంత విషయాలు అడగడం మర్యాద కాదు కదా.

తర్వాత చీర సంగతి వచ్చింది. మామిడాకు పచ్చ, మెరూన్ అంచు, పోయిన దసరాకి అందరూ ఒకేసారి తీసుకున్నారు. ఆ రంగు ఇప్పుడు షాపులో లేదు. రంగు కలవనప్పుడు అడుగు ఎట్లా కలుస్తుంది? “ఈసారికి కూర్చుని చూడమ్మా” అని ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వేశారు.

కుర్చీ ఊరికే ఇస్తారా! ముందు ఆవిడ ఒళ్ళోకి హ్యాండ్‌బ్యాగులు చేరాయి. చెప్పుల మీద ఒక కన్నేసి ఉంచమన్నారు. ఆపైన ఫోను చేతికిచ్చి రీల్ తీయమన్నారు. తీసింది. “మా కాళ్ళు రాలేదే!” అన్నారు. కుర్చీ వెనక్కి జరిగింది. ఈసారి లీడరక్క మొహం మరీ చిన్నదిగా వచ్చింది. కుర్చీ ముందుకు జరిగింది. వెలుతురు చాలలేదని పక్కకూ జరిగింది. ఆ సాయంత్రం ఆ కుర్చీ వేసినన్ని అడుగులు బృందంలో ఎవరూ వేయలేదు. చివర్లో బ్యాగులు తీసుకుంటూ “బాగా నేర్చుకున్నావా అమ్మా?” అని కూడా అడిగారు. మళ్ళీ ఆవిడ రాలేదు. ఈ కాలం వాళ్ళకు ఓపిక లేదట.

కొత్తవాళ్ళకు కోలాటమంత సులువైన ఆట ఇంకొకటి లేదు. లోపలి వరస ఒకవైపు, బయటి వరస ఇంకోవైపు తిరుగుతుంటే జంటలు మారుతూ పోతాయి. తెలిసిన ఇద్దరి మధ్య తెలియని మనిషిని నిలబెడితే చాలు. ఒక దెబ్బ తప్పినా ఎదురుగా ఇంకో మనిషి వచ్చేస్తుంది, ఆమె సర్దేస్తుంది. పల్లెల్లో రాత్రిపూట రామాలయం ముందు చెక్కభజన నేర్చుకున్నవాళ్ళకు ఎవరూ చీర రంగు చెప్పలేదు. అంతెందుకు, గంగమ్మ జాతరలో ఒంటికి బొగ్గు పూసుకుని తోటి వేషం కట్టినవాడిని సొంతిల్లా అని ఎవరైనా అడిగారా?

మా వీధి అపార్ట్‌మెంట్‌లో మెట్లు తుడిచే ఆమె రోజూ గేటు బయట నిలబడి ప్రాక్టీసు చూస్తుంది. పల్లెలో చిన్నప్పటి నుంచి ఆడిన మనిషి. మావాళ్ళు కోపు, అంటే అడుగుల వరస, తప్పిన ప్రతిసారీ ముందు ఆమె మొహంలోనే తెలుస్తుంది. ఒకరోజు ధైర్యం చేసి లోపలికొచ్చి కోలలు అందుకోబోయింది. “మీరేమోళ్ళమ్మా?” అని కులం అడిగారు. చెప్పింది. కోలలు తక్కువ పడ్డాయన్నారు. పక్కన బెంచీ మీద రెండు జతలు ఉన్నాయి, నేను చూశాను. సిగ్గుండాలి! మెట్టే నేల అందరికీ ఒకటేనని పాడిన అన్నమయ్య 1503లో పోయాడు. ఆయన కీర్తనలే స్పీకర్లో పెట్టుకుని, ఆ నేల మీదే అడుగు పెట్టొద్దని ఒక మనిషికి చెప్తారా? మీ భక్తి ఎవరికి కావాలి?

సరే, ఆవేశం వద్దు. బృందానికి అసలే కష్టకాలం. కూతురి కాన్పుకని ఒకామె అమెరికా వెళ్ళింది. మిగిలింది బేసి సంఖ్య. పైనుంచి వేలాడే తాళ్ళు పట్టుకుని ఆడే జడ కోలాటానికి సరి సంఖ్య కావాలి, సగం మంది ఇటు తిరిగితే సగం మంది అటు తిరగాలి, అప్పుడే తాళ్ళు జడగా అల్లుకుంటాయి. కమిటీ అత్యవసరంగా సమావేశమై, స్కూటర్ మీద లీడరక్కను దింపడానికి వచ్చిన ఆమె భర్తను నిలబెట్టింది. ఆయనకు కుడి ఏదో ఎడమ ఏదో ఇంకా తేలలేదు. చీర సంగతి ఎవరూ ఎత్తలేదు. రెండో చరణానికే తాళ్ళన్నీ ఆయన మెడకు చుట్టుకున్నాయి. పాట ఆపి, కత్తెర కోసం పూజారి గారింటికి మనిషిని పంపారు.