లోయర్ పరేల్‌ను మార్చింది కెఫేలు కాదు, 58వ నిబంధన
కెఫేలు, గ్యాలరీలు వచ్చాకే ముంబై లోయర్ పరేల్ మిల్లుల పేట ఖరీదైందని ఒక వ్యాసంలో రాశారు. అది తిరగేసి చెప్పినట్టుంది. ముందు కదిలింది రూలు. 1982లో బట్టల మిల్లు కార్మికుల సమ్మె తర్వాత చాలా మిల్లులు మూతపడ్డాయి. 1991 అభివృద్ధి నియంత్రణ నిబంధనల్లో 58వది ఏమందంటే, మిల్లు స్థలంలో వేరే కట్టడాలు కట్టాలంటే దాదాపు మూడో వంతు పార్కుల్లాంటి వాటికి కార్పొరేషన్‌కు, మరో మూడో వంతు సామాన్యుల ఇళ్లకు మ్హాడాకు (మహారాష్ట్ర ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ) ఇవ్వాలి, మిగిలిందే యజమానిది. 2001లో సవరించి, ఆ పంపకం షెడ్లు లేని ఖాళీ జాగాకే అన్నారు. మిల్లంటేనే గోడకు గోడ షెడ్లు, ఇంక ఖాళీ ఎక్కడిది? పార్కులకూ ఇళ్లకూ చిల్లర మిగిలింది. 2006లో సుప్రీంకోర్టు కూడా ఆ సవరణనే సమర్థించింది. మా ఆదోనిలో పాత పత్తి జిన్నింగు మిల్లులను ఇలా కెఫేలుగా మార్చాలని కన్నేసినవాళ్లు రంగులూ లైట్లూ తర్వాత చూసుకోవచ్చు, ముందు మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు ఏ జోన్లో ఉందో చూడాలి. పారిశ్రామికమని ఉంటే భూ వినియోగ మార్పు తెచ్చుకోవాలి. ఇక కట్టడం సంగతి. సున్నం గోడకు సిమెంటు పూత పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక పూత పొక్కి పెచ్చులుగా రాలుతుంది, సున్నంతోనే పూయాలి. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ (దుమ్ముగా పీలిస్తే ఊపిరితిత్తులను పాడుచేసే పీచు) ఉంటుంది కాబట్టి సుత్తితో పగలగొట్టకూడదు. తడిపి, బోల్టులు విప్పి, రేకు రేకుగా దించాలి.