పాడు చేసింది డేటాబేస్ కాదు

(వేరుశనగ రైతులు తీసిన ఆకుమచ్చ తెగులు ఫోటోలను దాచే ఒక మొబైల్ యాప్‌లో, ఎస్‌క్యూలైట్ డేటాబేస్ నుంచి కొన్ని ఫోటోలు పాడై వస్తున్నాయి. ఆ యాప్‌ను అనంతపురంలో తయారుచేసిన ఇద్దరి మధ్య జరిగిన వాదం ఇది.)

తమ్ముడు: అన్నా, ఫోటోలను డేటాబేస్‌లో పెట్టడమే పొరపాటని నేను మొదట్లోనే చెప్పాను. ఫైళ్లుగా ఉంచి, డేటాబేస్‌లో ఫైల్ పాత్, అంటే ఫైలు ఉన్న చోటు, మాత్రమే రాసుకుని ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు.

అన్న: ఫైళ్లుగా ఉంచినా ఇదే జరిగేది తమ్ముడూ, ఎందుకంటే ఫోటో డేటాబేస్‌కు చేరకముందే చెడిపోతోంది. పాడైనవాటిని రెండు కుప్పలుగా విడదీసి చూశాను. మొదటి కుప్పలో ఆకు పైభాగం నల్లమచ్చలతో సహా స్పష్టంగా కనిపిస్తుంది, కిందిభాగమంతా బూడిదరంగే. జేపెగ్ ఫైలు ఎఫ్‌ఎఫ్ డీ8 బైట్లతో మొదలై ఎఫ్‌ఎఫ్ డీ9తో ముగియాలి. వీటికి మొదలు ఉంది, ముగింపు లేదు. మనం ఇన్‌పుట్ స్ట్రీమ్‌ను (విడతలుగా వచ్చే బైట్ల ధారను) ఒక్కసారి రీడ్ చేసి, మొత్తం వచ్చేసిందని నమ్మి, వచ్చినంత మటుకే దాచాము. రెండో కుప్ప అసలు తెరుచుకోదు. అందులో ఈఎఫ్ బీఎఫ్ బీడీ అనే మూడు బైట్లు మొదటినుంచీ పదే పదే కనిపిస్తాయి. అంటే మన కోడ్‌లో ఎక్కడో ఫోటోను యూటీఎఫ్-8 స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరుసగా, మార్చాము. ఎఫ్‌ఎఫ్ అనే బైటు యూటీఎఫ్-8లో ఎక్కడా చెల్లదు కనుక, దాని స్థానంలో, చెల్లనిదానికి గుర్తుగా, ఆ మూడూ వచ్చి కూర్చున్నాయి.

తమ్ముడు: మరి పెద్ద ఫోటో తెరిచినప్పుడు యాప్ ఆగిపోవడం సంగతేమిటి? ఆండ్రాయిడ్‌లో కర్సర్ విండో, అంటే డేటాబేస్ నుంచి చదివినదాన్ని పట్టి ఉంచే జాగా, సాధారణంగా 2 ఎంబీ మాత్రమే. ఇప్పటి ఫోన్ కెమెరాలో తీసిన ఫోటో ఒక్కటే దాన్ని దాటిపోతుంది.

అన్న: అది ఒప్పుకోవలసిన మాటే. పెద్ద ఫోటోలు ఫైళ్లలోకే పోవాలి, థంబ్‌నెయిల్ అనే చిన్న నమూనా మాత్రం బ్లాబ్‌గా, అంటే డేటాబేస్‌లోనే ముడి బైట్లుగా, ఉంటే చాలు. అయితే అక్కడ ఎర్రర్ వస్తుంది కానీ బూడిదరంగు ఫోటో రాదు.

తమ్ముడు: బైట్లను మామూలు అక్షరాలుగా మార్చేందుకు నేను రాసిన బేస్64ను మీరు తీసేయకపోతే రెండో కుప్ప పుట్టేదే కాదు.

అన్న: సైజు మూడోవంతు పెరుగుతుందని తీసేశాను. సిగ్నల్ సరిగా అందని పొలంలో అదీ భారమే.

తమ్ముడు: పాడైన ఫోటో కన్నా బరువైన ఫోటో మేలు కాదా?

అన్న: మేలే. బైట్లను బైట్లుగానే పంపడం ఇంకా మేలు. ఫోటో తీసిన వెంటనే ఒకసారి, డేటాబేస్ నుంచి తిరిగి చదివాక మరొకసారి ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్, అంటే బైట్ల నుంచి తీసే వేలిముద్ర లాంటి సంఖ్య, లెక్కగట్టి పోల్చుదాం.

తమ్ముడు: పాత ఫోటోలు?

అన్న: రెండో కుప్ప తిరిగి రాదు, చెల్లని వేర్వేరు బైట్లన్నీ ఒకే గుర్తుగా మారిపోయాక, ఏది ఏదో తేల్చే ఆధారం మిగలలేదు. పంట పీకేసిన పొలంలో ఆ ఆకు మళ్లీ దొరకదు కనుక, గ్యాలరీలో అసలు ఫోటో ఉందేమో చూడమని ఈరోజే రైతులకు ఫోన్లు చేద్దాం.