సవరణ: హెచ్110 బోర్డులో ఐ5-8400 పనిచేయదు

కంప్యూటర్‌లో హెచ్110 మదర్‌బోర్డు ఉన్నవాళ్లు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో సెకండ్‌హ్యాండ్ ఐ5-8400 (ఇంటెల్ 8వ తరం ప్రాసెసర్) కొని వేసుకోవచ్చని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. రెండింటి సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) పేరూ ఎల్‌జీఏ 1151 కావడంతో పొరబడ్డాను. చిప్ చక్కగా కూర్చుంటుంది, దాన్ని బిగించే లివర్ కూడా పడుతుంది, కానీ సిస్టమ్ ఆన్ అవదు. 8వ తరంలో కరెంటు సరఫరా పిన్నుల అమరికే మారింది. దానికి 300 సిరీస్ బోర్డు, కనీసం హెచ్310 అయినా కావాలి. ఇంటెల్ వివరాలు, బోర్డు తయారీదారు సపోర్ట్ లిస్టు చూసి ఇది రాస్తున్నాను.

హెచ్110లో 6, 7 తరాల ప్రాసెసర్లే పనిచేస్తాయి. 7వ తరం ఐ7-7700 వేసుకోవచ్చు, నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. పాత బోర్డయితే ఇప్పుడున్న ప్రాసెసర్‌తోనే ముందు బయోస్ (బోర్డులో ఉండే ప్రాథమిక సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి, అప్పుడే అది 7వ తరాన్ని గుర్తిస్తుంది.

నా మాట నమ్మి ఇప్పటికే ఐ5-8400 కొన్నవాళ్లు బిల్లు పట్టుకుని వెంటనే షాపుకెళ్లి మార్చమని అడగండి.