కొండెక్కిన ఆవకాయ

బార్సిలోనాలో విమానం దిగి ఇంటికి వెళ్ళే దారిలోనే మా కోడలు నాకు మొదటి జాగ్రత్త చెప్పింది. "మావయ్యగారూ, ఇక్కడ బ్యాగు వీపుకి తగిలించుకోకూడదండీ. ముందుకి తిప్పి పెట్టుకోవాలి. జేబుదొంగలు ఎక్కువ."

నేను నవ్వేశాను. తెనాలి నుంచి బెజవాడకి పాసెంజరు బండిలో ముప్పై ఏళ్ళు తిరిగి బ్యాంకు ఉద్యోగం చేసినవాణ్ణి. ఒక్కసారి కూడా పర్సు పోలేదు. అందులో ఎప్పుడూ ఏమీ ఉండేది కాదన్నది వేరే సంగతి. కానీ మూడోరోజు మెట్రోలో నా ఎదురుగా నిలబడ్డ పెద్దమనిషి ఫోను పోయి, పాపం తన జేబులన్నీ తిరగేసుకుంటూ ఏడ్చినంత పని చేశాడు. ఆ పూట నుంచీ నేనూ బ్యాగు ముందుకి తిప్పేశాను. అసలే నాకున్న పొట్ట, దానిమీద ఈ పొట్ట. మెట్లు దిగేటప్పుడు నా కాళ్ళు నాకు కనిపించేవి కావు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, టిబిదాబో కొండమీద జరిగినదానికి తప్పెవరిదన్న విషయం మా ఇంట్లో ఇంకా తేలలేదు. డబ్బా మూత సరిగ్గా పెట్టని మా ఆవిడదని నేనంటాను. బ్యాగుని పసిపిల్లాడిలా గుండెకి హత్తుకున్న నాదని ఆవిడంటుంది.

టిబిదాబో అంటే ఆ ఊరి పక్కనున్న కొండ, 512 మీటర్ల ఎత్తు. మన విశాఖపట్నానికి కైలాసగిరి ఎలాగో వాళ్ళకి అది అలాగ. కాకపోతే దానిమీద ఆటల పార్కు 1901 నుంచీ ఉంది. మా మనవడికి ఏడేళ్ళు. "తాతయ్యా, కొండమీద ఎర్ర విమానం ఉంది, నువ్వూ నేనూ ఎక్కాలి" అని వారం ముందునుంచే నన్ను బుక్ చేసుకున్నాడు. నేనూ "ఓస్, అదెంత" అన్నాను. అప్పటికి నేల మీదే ఉన్నాను కదా.

శనివారం పొద్దున్నే మా ఆవిడ లేచి పులిహోర కలిపింది, పెరుగన్నం కలిపింది. "అమ్మా, అక్కడ తినడానికి అన్నీ దొరుకుతాయి" అన్నాడు మావాడు. "దొరికితే దొరకనీరా. పెరుగన్నంలోకి ఆవకాయ దొరుకుతుందా?" అంది ఆవిడ. దానికి వాడి దగ్గర జవాబు లేదు. మేం వచ్చేటప్పుడు మూడు కవర్లలో చుట్టి, చుట్టూ బ్రౌన్ టేపు వేసి తెచ్చిన కొత్తావకాయ అది. అందులోంచి ఏడు ముక్కలు లెక్కపెట్టి తీసి, పైన దండిగా పప్పునూనె ఊట పోసి, కోడలు దాచుకున్న ఐస్‌క్రీమ్ డబ్బాలో సర్దింది. మూత కొంచెం వదులు. రబ్బరు బ్యాండు కోసం ఇల్లంతా వెతికాం. కాఫీ మిషను, గిన్నెలు కడిగే మిషను, నేల ఊడ్చే మిషను, అన్నీ ఉన్న ఆ ఇంట్లో ఒక్క రబ్బరు బ్యాండు లేదు. "నిలబెట్టి మోస్తే ఏం కాదు" అని డబ్బాని నా బ్యాగులో పైన పెట్టింది. కింద మా ఇద్దరి పాస్‌పోర్టులు. వాటిని ఇంట్లో పెట్టమని మావాడు చెప్పాడు. ఇంట్లో దొంగలు పడితేనో?

రైలెక్కి, బస్సెక్కి, కొండ మొదట్లో ఇంకో రైలెక్కాం. ఈ చివరిదాన్ని తీగతో లాగుతారు. బావి గిలకమీద రెండు చేదలున్నట్టు, ఒక పెట్టె దిగుతుంటే రెండోది ఎక్కుతుంది. 1901లో పెట్టిన పాతదాన్ని తీసేసి 2021లో కొత్తది వేశారట. దాని పేరు 'కూకా దె లుమ్', అంటే మిణుగురు పురుగు. ఎక్కే చోటుకి డాక్టర్ ఆండ్రెయూ అనే ఆయన పేరు పెట్టారు. ఈ పార్కు కట్టించింది ఆయనే. ఎవరా అని అడిగితే, దగ్గు బిళ్ళలు తయారుచేసి అమ్మిన మందుల షాపాయన అని మావాడు చెప్పాడు. నాకు వెంటనే మన కాశీనాథుని నాగేశ్వరరావుగారు గుర్తొచ్చారు. ఆయన 1893లో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ డబ్బుతో 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. మనవాళ్ళకి తలనొప్పి తగ్గితే పేపరు చదివారు, వీళ్ళకి దగ్గు తగ్గితే కొండెక్కి కేకలు పెట్టారు. ఎవరి సరదా వాళ్ళది.

టిబిదాబో అంటే లాటిన్‌లో 'నీకు ఇస్తాను' అని అర్థమట. బైబిల్లో సైతాను ఏసుప్రభువుని ఎత్తయిన కొండమీదికి తీసుకెళ్ళి లోకమంతా చూపించి, నాకు మొక్కితే ఇదంతా నీకిస్తానన్నాడు కదా, ఆ మాట. మన ఎన్నికల ప్రసంగాల్లో తరచుగా వినే మాటే. టికెట్ల దగ్గర మాత్రం ఇచ్చింది మావాడే. ఎంతని నేను అడగలేదు. యూరోని రూపాయల్లోకి మార్చకూడదని మొదటి రోజే ఒట్టు వేయించుకున్నాడు.

పైకెళితే కొండకొమ్మున పెద్ద చర్చి, దాని శిఖరాన రెండు చేతులూ చాపిన ఏసు విగ్రహం. మా ఆవిడ చెప్పులు విడిచి దణ్ణం పెట్టింది. కొండమీద ఏ దేవుడున్నా ఆవిడకి పేచీ లేదు. ఆ పక్కనే 1921 నాటి ఏతాం. వాళ్ళు తలాయా అంటారులెండి, చూడ్డానికి మాత్రం అచ్చం మన ఏతామే. పొడవాటి ఇనుప చేయి, దాని చివర తొట్టి. నీళ్ళకి బదులు మనుషుల్ని తోడి మెల్లగా ఆకాశంలోకి లేపుతుంది. ఊరంతా, ఊరవతల సముద్రమూ కనిపిస్తాయట. నేను కిందనుంచే సముద్రం కనిపిస్తోందని చెప్పి తప్పించుకున్నాను.

విమానం దగ్గర ఆ పప్పులు ఉడకలేదు. మనవడు నా వేలు వదిలితే కదా. ఆ విమానం 1928 నాటిది. బార్సిలోనా నుంచి మాడ్రిడ్‌కి మొదట ఎగిరిన విమానానికి నకలు అని చెబుతారు. మన దేశంలో టాటాగారు 1932లో కరాచీ నుంచి బొంబాయికి ఉత్తరాలు మోసుకెళ్ళడానికి నాలుగేళ్ళ ముందే వీళ్ళు దీన్ని కొండకి వేలాడదీశారన్నమాట. మధ్యలో ఒక స్తంభం, దాని చేతికి ఈ ఎర్ర విమానం. దాన్ని కింద మోటారు పెట్టి తిప్పరు. దాని సొంత ప్రొపెల్లరు తిరిగి, ఆ గాలి ఊపుతోనే అది స్తంభం చుట్టూ ఎగురుతుంది. "ఎంత తెలివి!" అని మెచ్చుకుంటూ లోపల కూర్చున్నాను. కళ్ళజోడు జారిపోతుందని తీసి బ్యాగులో పెట్టుకున్నాను. మనవడు నా బ్యాగు జిప్పు తీసి నీళ్ళు తాగాడు. మళ్ళీ వేశాడా లేదా అని నేను చూడలేదు.

ప్రొపెల్లరు గర్రుమంది. విమానం కదిలింది, పక్కకి ఒరిగింది. కిటికీలోంచి చూద్దును కదా, నా కింద కొండ లేదు. పార్కు అంచు దాటి లోయమీద తిరుగుతున్నాం! నేను బ్యాగుని రెండు చేతులా వాటేసుకుని ఆంజనేయ దండకం ఎత్తుకున్నాను. సగంలో మర్చిపోయి మళ్ళీ మొదలుపెట్టాను. ఒరిగినకొద్దీ నొక్కాను, నొక్కినకొద్దీ గుండెల మీద చల్లగా ఏదో పాకింది. భయానికి చెమట పడుతోంది కాబోలనుకున్నాను. చెమట కొంచెం జిగటగా ఉందే అని కూడా అనుకున్నాను. కానీ ఆ సమయంలో దాని గురించి పరిశోధన చేసే స్థితిలో లేను. మనవడు మాత్రం "తాతయ్యా, ఇంకోసారి!" అంటున్నాడు.

వాసన రాలేదా అని తర్వాత అందరూ అడిగారు. అరవై ఆరేళ్ళుగా ఆవకాయతో బతుకుతున్న మనిషికి అది వాసన కాదండీ, గాలి.

దిగాక పిల్లాణ్ణి వాళ్ళమ్మ ఐస్‌క్రీముకి తీసుకెళ్ళింది. మా ఆవిడా మావాడూ పాత మరబొమ్మలున్న గదిలో ఉన్నారు. మీట నొక్కితే బొమ్మలు కదులుతాయట. బొమ్మల కొలువుకి కరెంటు పెట్టినట్టుందని ఆవిడ తర్వాత తీర్పు చెప్పింది. నేను కాళ్ళ వణుకు తగ్గేదాకా కూర్చుందామని ఒక బెంచీ చూసుకుని, బ్యాగు తీసి పక్కన పెట్టి, పట్టీని మాత్రం చేతికి చుట్టుకుని ఊపిరి పీల్చుకున్నాను. కళ్ళజోడు పెట్టుకోవడం మర్చిపోయాను. ఎదురుగా పాడుబడ్డ హోటల్లాంటి భవనం ముందు జనం క్యూ కట్టారు. అది దెయ్యాల కొంప అనీ, లోపల మనుషులే దెయ్యాల వేషాలు వేసుకుని మీదికొస్తారనీ నాకు అప్పటికి తెలియదు.

ముందు ఇద్దరు కుర్రాళ్ళు నన్ను చూసి నవ్వి బొటనవేలు చూపించారు. నేనూ చూపించాను. తర్వాత నలుగురు అమ్మాయిలు వచ్చి, నా పక్కన నిలబడి, నోళ్ళు తెరిచి కెవ్వుమన్నట్టు మొహాలు పెట్టి ఫొటోలు దిగారు. ఏదో మనదేశపు పెద్దమనిషి, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో హుందాగా కనిపించి ఉంటానని పొంగిపోయాను. ఆంధ్రా ప్యారిస్ నుంచి వచ్చినవాళ్ళకి యూరప్‌లో ఆమాత్రం గుర్తింపు ఉండదా? నాకొచ్చిన ఒకే ఒక్క స్పానిష్ మాట 'గ్రాసియాస్'. అందరికీ ఉదారంగా పంచిపెట్టాను.

ఇంతలో ఒక ముసలావిడ, మా అక్కయ్య వయసుంటుంది, నన్ను చూసి గుండెమీద చెయ్యేసుకుని పరిగెత్తుకొచ్చింది. "సాంగ్రె! సాంగ్రె!" అంటోంది. వాళ్ళ దేశంలో సంగ్రియా అని ఎర్రటి పళ్ళసారా ఉంటుందని కోడలు చెప్పింది. పాపం, ఆ ఎండలో నాకు తాగడానికి ఇప్పిస్తానంటోందనుకుని, "నో నో మేడమ్, ఐ డోంట్ డ్రింక్" అన్నాను చేతులు జోడించి. సాంగ్రె అంటే నెత్తురని తర్వాత తెలిసింది.

ఆవిడ నా మాట పట్టించుకోలేదు. చేతిసంచీలోంచి గుప్పెడు కాగితపు రుమాళ్ళు తీసి నా ఎడమ గుండెమీద అదిమింది. అప్పుడు వంగి చూసుకున్నాను. కళ్ళజోడు లేకపోయినా తెలిసింది. చొక్కా జేబు దగ్గర్నుంచి పొట్టదాకా, ఎవరో తుపాకీతో కాల్చినట్టు, ఎర్రటి ఎరుపు. గుంటూరు మిరపకాయల ఎరుపు. ఆవిడ అదిమిన కొద్దీ ఊట వస్తోంది. ఇంకాస్త గట్టిగా నొక్కేసరికి జేబులోంచి నున్నగా, ఎర్రగా, నూనె కారుతూ, టెంకతో సహా ఒక ముక్క జారి ఆవిడ అరచేతిలో పడింది.

ఆవిడ వేసిన కేక కొండకింద ఊళ్ళోకి వినిపించి ఉంటుంది.

సరిగ్గా అప్పుడే మా మనవడు ఐస్‌క్రీముతో వచ్చాడు. నా చొక్కా వంక చూశాడు. ఏ కంగారూ లేకుండా చూపుడువేలితో ఆ నెత్తురు తుడిచి నోట్లో పెట్టుకున్నాడు. చప్పరించి, "నానమ్మ ఆవకాయ!" అన్నాడు. క్యూలో ఉన్న జనం ఒక్క క్షణం బిగుసుకుపోయి, ఆ తర్వాత చప్పట్లు కొట్టారు. దెయ్యాల కొంపవాళ్ళు బయట వేసిన శాంపిల్ నాటకం అనుకున్నారు కాబోలు.

మా ఆవిడ గుంపుని తోసుకుంటూ వచ్చింది. మొగుడి గుండెల మీద అంత ఎరుపు చూసిన మనిషి ఏమనాలి? "అయ్యో, ముక్క!" అంది. ఆ ముసలావిడ చేతిలోంచి ముక్క తీసుకుని, బ్యాగులోంచి డబ్బా తీసి లెక్కపెట్టింది. "ఐదే ఉన్నాయి, ఇది ఆరు. ఏడోది ఏదండీ?"

ముసలావిడకి విషయం విప్పి చెప్పడానికి మావాడికి పది నిమిషాలు పట్టింది. ఊరగాయకి స్పానిష్‌లో ఏమంటారో వాడికి తోచక, 'కారంగా ఉండే పచ్చి మామిడికాయ, నూనెలో' అని చెప్పుకొచ్చాడట. అలా చెబితే ఆవకాయ ఎంత చిన్నబోతుందో చూడండి. మా ఆవిడ ఊరుకోక ఆవిడని పక్కన కూర్చోబెట్టి పెరుగన్నం మీద చిటికెడు ఊట వేసి పెట్టింది. ఆవిడ తిన్నది. మొహం చొక్కా రంగులోకి మారింది. సీసాడు నీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ చెంచా ముందుకి చాపింది. ఆ తర్వాత అరగంటసేపు ఆవిడ తన భాషలో, ఈవిడ తెలుగులో ఏవేవో చెప్పుకున్నారు. మధ్యమధ్య ఇద్దరూ నావైపు చూసి తల ఆడించడం చూస్తే, తప్పెవరిదో అక్కడ తీర్మానం అయిపోయినట్టే ఉంది.

ఆ చొక్కాతో రైలెక్కితే పోలీసులు దింపేస్తారని మావాడు అక్కడే ఒక బనీను కొన్నాడు. ఒట్టు గట్టుమీద పెట్టి లెక్కకట్టేశాను. ఆ డబ్బుతో తెనాలిలో రెండు చొక్కాలు, కుట్టుకూలితో సహా వస్తాయి. దానిమీద పెద్ద అక్షరాలతో టిబిదాబో అని రాసుంది. 'నీకు ఇస్తాను' అని గుండెల మీద రాసుకుని, జేబుదొంగలున్న ఊళ్ళో ఇంటిదాకా వచ్చాను. ఎవరూ ఏమీ తీసుకోలేదు. బ్యాగు వాసనకి మా చుట్టూ మూడు సీట్లు ఖాళీగానే ఉన్నాయి.

ఏడో ముక్క ఆ రాత్రి దొరికింది. పాస్‌పోర్టుల మధ్యలో ఉంది. నాదే బాగా తడిసింది. కోడలు కాగితాలు అద్దింది, మా ఆవిడ శనగపిండి చల్లి బాల్కనీలో ఆరబెట్టింది. మరక చాలావరకు పోయింది, వాసన మాత్రం పోలేదు. తిరుగు ప్రయాణానికి బార్సిలోనాలోనూ, దారిలో విమానం మారినచోటా నా గుండె దడదడలాడింది. ఎవరూ ఏమీ అనలేదు.

హైదరాబాదులో దిగాక, ఇమ్మిగ్రేషన్ కౌంటర్లో కుర్రాడు నా పాస్‌పోర్టు తెరిచాడు. ఆగాడు. మొహం దగ్గరికి తెచ్చుకుని ఒకసారి పీల్చాడు. తలెత్తి నన్ను చూసి, గొంతు తగ్గించి అడిగాడు:

"ఈ ఏడాదిదేనా సార్?"