లోపలి నుంచి తెరుచుకునే తలుపు దొంగకు దారి ఇవ్వదు

దుకాణాలు, గోదాములు, హాస్టళ్లు నడిపేవాళ్ల మధ్య ఒక సందేశం చాలాకాలంగా తిరుగుతోంది. దాని సారాంశం ఇది: బయటికి పోయే ప్రతి తలుపుకూ లోపలి వైపు కూడా తాళం ఉండాలి. లోపలివాళ్లు తాళంచెవి లేకుండా తీయగలిగే తలుపును దొంగ కూడా తీయగలడు. అత్యవసర ద్వారాలు సరుకు దాటించడానికే పనికొస్తాయి. అందువల్ల తాళం వేసి, చెవిని బాధ్యత గల మనిషికి అప్పగించాలి, లేదా తలుపు పక్కన గాజు పెట్టెలో ఉంచాలి. కరెంటు తాళాలను నమ్మరాదు. నిప్పంటుకుంటే జనం ఎలాగూ భయంతో తొక్కుకుంటారు కాబట్టి, తాళం వల్ల అదనంగా జరిగే నష్టమేమీ లేదు.

దొంగతనం గురించిన భయం నిజమైనదే. దాన్ని కొట్టిపారేయను. కానీ దానికి ఈ సందేశం చూపించే పరిష్కారం వందేళ్ల కిందటే మనుషుల ప్రాణాలు తీసింది, ఆ తర్వాతా తీస్తూనే ఉంది. ఒక్కొక్క వాదనా చూద్దాం.

"తాళంచెవి లేకుండా లోపలివాళ్లు తీయగలిగితే, దొంగా తీయగలడు."

ఈ మాట రాసినవాళ్లు తాళాన్ని ఎప్పుడూ విప్పి చూసి ఉండరు. మంచి తాళంలో లోపలి వైపు, బయటి వైపు వేర్వేరుగా పనిచేస్తాయి. స్టోర్‌రూమ్ తాళం అని పిలిచే రకాన్నే తీసుకోండి. దాని బయటి హ్యాండిల్ ఎప్పుడూ బిగిసే ఉంటుంది, తాళంచెవితో తప్ప గడియ కదలదు. లోపలి హ్యాండిల్‌కు మాత్రం బిగుసుకోవడమే తెలియదు. ఎప్పుడు తిప్పినా గడియ లోనికి పోతుంది. తలుపు మందంలో ఇమిడిపోయే మార్టిస్ తాళాల్లో ఇంకో సౌకర్యం ఉంది. బయటివాళ్ల కోసం గట్టి అడ్డగడియ వేసి ఉన్నా, లోపలి హ్యాండిల్‌ను ఒక్కసారి కిందికి వంచితే అడ్డగడియ, మామూలు గడియ రెండూ కలిసి వెనక్కి వస్తాయి. బయట తాళంచెవి దూరే సిలిండర్‌ను డ్రిల్లుకు లొంగని ఉక్కు పిన్నులతో ఎంత బలంగా చేసినా, లోపలి హ్యాండిల్ తిప్పడానికి పట్టే శ్రమ అణువంత కూడా పెరగదు. అత్యవసర ద్వారమైతే బయట హ్యాండిల్, తాళంరంధ్రం అసలు పెట్టకపోయినా చెల్లుతుంది. దొంగకు ఎదురయ్యేది నున్నటి రేకు మాత్రమే.

అంటే ఒక వైపు భద్రత పెంచితే మరో వైపు స్వేచ్ఛ తగ్గుతుందన్న లెక్కే తప్పు. ఆ రెండూ ఒకే త్రాసులోని తట్టలు కావు.

అయితే లోపలి హ్యాండిల్‌ను బయటి నుంచి అందుకునే ఉపాయాలు ఉన్నాయి. సందేశం వాటిని పేరుపెట్టి చెప్పలేదు గానీ, దాని బలమంతా వాటిలోనే ఉంది. గాజు పలక ఉన్న తలుపయితే పగలగొట్టి, చెయ్యి దూర్చి గడియ తిప్పుతారు. తలుపు కింది సందులోంచి వంచిన తీగను పంపి హ్యాండిల్‌ను కిందికి లాగుతారు. రెండు రెక్కల తలుపయితే నడిమి సందులోంచి కొక్కెం దూర్చి లోపలి పానిక్ బార్‌ను, అంటే ఒంటితో తోస్తే గడియను విడిపించే అడ్డ కడ్డీని, నొక్కుతారు. ఏటవాలు నాలుక ఉన్న గడియను పలచని కార్డుతో వెనక్కి తోస్తారు. బయటికి తెరుచుకునే తలుపుకు మడతబందులు బయట కనిపిస్తాయి కాబట్టి వాటి మేకులు కొట్టి ఊడదీస్తారు.

వీటిలో ఒక్కదానికీ లోపలి తాళం జవాబు కాదు. గాజుకు జవాబు పగిలినా ఊడిపడని లామినేటెడ్ గాజు, లేదా చెయ్యి అందనంత దూరంలో అమర్చిన గడియ. కింది సందుకు జవాబు ఎత్తయిన గడప, తలుపు అడుగున బిగించే పట్టీ, తీగ తగలకుండా హ్యాండిల్‌కు పెట్టే తొడుగు. రెక్కల మధ్య సందును నిలువునా కప్పే లోహపు పట్టీలు దొరుకుతాయి. కార్డు ఉపాయాన్ని అడ్డుకోవడానికి నాలుక పక్కన ఇంకో చిన్న నాలుక ఉండే గడియలు ఏనాటి నుంచో ఉన్నాయి. తలుపు మూసినప్పుడు ఆ చిన్నది లోపలికి నొక్కుకుని ఉండి, పెద్దదాన్ని వెనక్కి తోయనివ్వదు. కానీ బిగించేవాడు చట్రంలో రంధ్రం పెద్దదిగా కోస్తే చిన్న నాలుక కూడా అందులోకి జారిపోతుంది. అప్పుడు ఖరీదైన తాళం కూడా కార్డు ముక్కకు లొంగుతుంది. నిందంతా తాళం మీద పడుతుంది, బిగించినవాడి ఊసే ఎవరూ ఎత్తరు. మడతబందుల విషయానికొస్తే, ఊడి రాని మేకులున్న రకం వాడాలి. లేదా రెక్క అంచు నుంచి చట్రంలోకి దిగే ఉక్కు గూటాలు పెట్టాలి. అప్పుడు మేకు తీసినా రెక్క కదలదు.

"తాళంచెవి బాధ్యత గల మనిషి దగ్గర ఉంటే చాలు."

1911 మార్చి 25న న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారంలో నిప్పంటుకుంది. తొమ్మిదో అంతస్తులో మెట్ల వైపు తలుపుల్లో ఒకదానికి తాళం వేసి ఉంది. పని ముగించి వెళ్లే అమ్మాయిల సంచులు వెతకడానికి వీలుగా అందరినీ ఒకే దారిన పంపడం అక్కడి ఆనవాయితీ. తాళంచెవి ఉన్న మేస్త్రీ వేరే దారిన బయటపడ్డాడు. 146 మంది చనిపోయారు. యజమానుల మీద విచారణ జరిగింది గానీ, ఆ నిమిషంలో తలుపుకు తాళం ఉన్న సంగతి వాళ్లకు తెలుసన్నది రుజువు కాలేదని జ్యూరీ వాళ్లను వదిలేసింది.

ఆ మేస్త్రీ చెడ్డవాడని చెప్పడానికి ఈ ఉదాహరణ ఎత్తలేదు. నిప్పు చూసి పరుగెత్తని మనిషి అరుదు. తాళంచెవి ఒక మనిషి దగ్గర ఉందంటే, ఆ మనిషి బతికి ఉండాలి, దగ్గరలో ఉండాలి, స్పృహలో ఉండాలి, పొగలోకి వెనక్కి నడిచి రావాలి. ఇన్ని షరతులు కలిసి వస్తేనే తెరుచుకునేదాన్ని అత్యవసర ద్వారం అనడం సరికాదు.

"గాజు పెట్టెలో తాళంచెవి పెట్టండి."

ఈ సలహా చూస్తే నాకు మామూలు కంటే ఎక్కువ కోపం వస్తుంది, ఎందుకంటే ఇది జాగ్రత్తలా కనిపిస్తుంది. పొగ పైనుంచి కిందికి దిగుతూ దీపాలను కప్పేస్తుంది. అప్పుడు పెట్టె వెతకాలి, పగలగొట్టాలి, గాజు పెంకుల మధ్య నుంచి చెవి తీయాలి, చీకట్లో రంధ్రం తడుముకోవాలి, ఎటు తిప్పాలో ఊహించాలి. ఈలోగా వెనక నుంచి జనం తలుపు మీదికి ఒత్తుకొస్తుంటారు. ఆ ఒత్తిడికి గడియ చట్రానికి రాసుకుని బిగుసుకుంటుంది. నిమ్మళంగా ఉన్నప్పుడు సాఫీగా తిరిగే తాళం అప్పుడు తిరగదు. యూరోపు ప్రమాణం ఈఎన్ 1125 సరిగ్గా ఈ స్థితినే పరీక్షిస్తుంది. తలుపును 1000 న్యూటన్ల బలంతో నెడుతూ ఉండగా, పానిక్ బార్ 220 న్యూటన్లకు మించకుండా విడుదల కావాలి. అంటే సుమారు 22 కిలోల ఒత్తిడి. నెట్టుడు లేనప్పుడైతే 80 న్యూటన్లు చాలాలి. గాజు పెట్టెను ఇలా పరీక్షించినవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. అన్నిటికీ మించి, అందులోని చెవిని ఎవరో ఒకరు ఏదో పనికి తీసి తిరిగి పెట్టడం మరిచిపోతారు.

"అత్యవసర ద్వారాలు సరుకు దాటించే దారులు."

ఇక్కడ ఆగి వినాలి. వెనక తలుపులోంచి సరుకు పోతుంది, డబ్బు కట్టకుండా మనుషులు జారుకుంటారు, టిక్కెట్టు లేనివాళ్లు లోపలికి వస్తారు. ఇవన్నీ జరిగే పనులే. చరిత్రలోని ఘోరమైన ప్రమాదాలు కొన్ని ఇలాంటి న్యాయమైన చికాకుల నుంచే పుట్టాయి. 1883లో ఇంగ్లండులోని సండర్‌ల్యాండ్‌లో, విక్టోరియా హాల్ అనే చోట పిల్లల ప్రదర్శన జరిగింది. వేదిక మీద బహుమతులు పంచుతున్నారని తెలిసి పై అంతస్తు పిల్లలు మెట్ల మీదుగా పరుగెత్తారు. మెట్ల అడుగున తలుపు లోపలి వైపు తెరుచుకునే రకం. పైగా ఒక్కొక్కరే దాటేలా సందు వదిలి గడియ వేశారు. ఆ సందు దగ్గర 183 మంది పిల్లలు ఊపిరాడక చనిపోయారు. నిప్పు లేదు, పొగ లేదు, ఉన్నది గడియ మాత్రమే. 1942లో బోస్టన్‌లోని కోకోనట్ గ్రోవ్ నైట్‌క్లబ్బులో మెట్ల పైన ఉన్న తలుపుకు పానిక్ బార్ బిగించే ఉంది. దానికి అదనంగా వేరే తాళం వేశారు. మిగతా తలుపుల్లోనూ కొన్ని మూసి ఉన్నాయి, ముందున్న తిరుగుడు తలుపు జనంతో ఇరుక్కుపోయింది. 492 మంది పోయారు.

చికాకు నిజమైనప్పుడు దానికి సరైన జవాబేమిటి? చాలా చోట్ల మోత చాలు. పానిక్ బార్‌లోనే అలారం ఉండే రకాలు ఉన్నాయి. నొక్కగానే తలుపు తెరుచుకుంటుంది, చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. తాళంచెవి ఉన్నవాడు వచ్చేదాకా ఆగదు. దొంగకు కావలసింది నిశ్శబ్దం, నిప్పు నుంచి పారిపోయేవాడికి నిశ్శబ్దంతో పని లేదు. ఇద్దరినీ వేరు చేసే తేడా ఇదే, మంచి రూపకల్పన అంతా దీన్ని పట్టుకునే నడుస్తుంది.

మోత సరిపోని చోట ఆలస్యపు తాళం ఉంది. బార్‌ను నొక్కి పట్టుకుంటే అలారం మొదలవుతుంది, 15 సెకన్లలో తలుపు తెరుచుకుంటుంది. లెక్క ఒకసారి మొదలైతే వెనక్కి తిరగదు. అమెరికా నిబంధనల ప్రకారం అధికారుల ప్రత్యేక అనుమతితో దీన్ని 30 సెకన్ల దాకా పెంచుకోవచ్చు. మంటలను పసిగట్టే వ్యవస్థ మోగినా, కరెంటు పోయినా ఆలస్యం రద్దయి వెంటనే తెరుచుకోవాలి. "నొక్కుతూనే ఉండండి, 15 సెకన్లలో తెరుచుకుంటుంది" అని తలుపు మీదే రాసి ఉండాలి. సరుకు ఎత్తుకుపోయేవాడిని అందుకోవడానికి కాపలాదారుకు ఆ వ్యవధి చాలు. మతిమరుపు జబ్బుతో దారితప్పే వృద్ధులున్న వార్డుల్లోనూ ఇది పనికొస్తుంది. జనం కిక్కిరిసే సభామందిరాలకు మాత్రం సాధారణంగా దీన్ని అనుమతించరు, అక్కడ 15 సెకన్లంటే చాలా ఎక్కువ.

"కరెంటు పోతే ఎలక్ట్రిక్ తాళాలు తెరుచుకుంటాయి, లేదా మనల్ని లోపల బంధిస్తాయి."

రెండు భయాలూ ఒకేసారి నిజం కాలేవు. కరెంటు పోతే వదిలేసే తాళాలు ఒక రకం, పోయినా పట్టుకునే ఉండేవి ఇంకో రకం. రెండో రకం పేరు వినగానే చాలామంది బెదురుతారు. కానీ అక్కడ బిగిసి ఉండేది బయటి వైపు మాత్రమే. లోపలి హ్యాండిల్ గడియను నేరుగా, చేతి బలంతోనే లాగుతుంది, దానికి కరెంటుతో పనే లేదు. ఏ తలుపుకైనా నేను ముందు సూచించేది దీన్నే. జాగ్రత్తగా చూడవలసింది అయస్కాంత తాళాన్ని. అందులో తిప్పడానికి గడియే ఉండదు. పెద్ద రకాలు అర టన్ను లాగుడును కూడా తట్టుకుంటాయి, ఎంత బలవంతుడు నెట్టినా రావు. అందుకే అది కరెంటు పోతే వదిలే రకంగానే ఉండాలి. మంటల అలారంతో కలిపి ఉండాలి. తలుపు దగ్గర ఉన్న బటన్ కంప్యూటర్‌ను అడగకుండా నేరుగా విద్యుత్తును తెంచాలి. మనిషి కదలికను చూసి తెరిచే సెన్సర్ ఒక్కదాన్నే నమ్మితే అది చెడిపోయిన రోజు ఇరుక్కుంటారు. పైగా తలుపు సందులోంచి స్ప్రే డబ్బా కొట్టి దాన్ని బయటి నుంచే మోసం చేయవచ్చు కూడా.

"భయంలో జనం ఎలాగూ తొక్కుకుంటారు."

నిప్పు చూసిన మనుషులు ఎక్కువగా చేసే తప్పు దీనికి వ్యతిరేకమైనది: ఆలస్యం చేస్తారు, తోటివాళ్ల కోసం వెతుకుతారు, లోపలికి వచ్చిన దారినే బయటికి పోవాలని చూస్తారు. తెలియని తలుపు దగ్గరికి చేరితే అది ఎలా తెరుచుకుంటుందో కనుక్కునే తీరిక ఉండదు. 1903లో షికాగోలోని ఇరోక్వాయ్ థియేటరులో నిప్పంటుకుని 602 మంది చనిపోయారు. అక్కడి కొన్ని తలుపులకు ప్రేక్షకులు ఎన్నడూ చూడని రకం గడియలు ఉన్నాయి. తలుపు వెడల్పులో కనీసం సగం మేర అడ్డంగా ఉండి, ఒళ్లు తగిలినా విడిపోయే పానిక్ బార్ అమెరికాలో ఆ దుర్ఘటన తర్వాతే అమ్మకానికి వచ్చింది. తొక్కిసలాట జరిగేది తలుపు తెరుచుకోని చోట. దాన్ని తాళానికి సమర్థనగా చూపడం విచిత్రం.

సందేశం మరిచిపోయిన దుర్వినియోగం ఇంకొకటి ఉంది, అది లోపలివాళ్లు చేసేది. పదే పదే అడ్డుపడే తలుపును మనుషులు ఓడిస్తారు. రాయి అడ్డుపెడతారు, గడియ నాలుక మీద టేపు అంటిస్తారు. 1972 జూన్‌లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలోకి దూరినవాళ్లు చేసింది అదే. కాపలాదారు ఒకసారి టేపు పీకేశాక మళ్లీ అంటించి ఉండటం చూసి పోలీసులను పిలిచాడు. తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంటే మోగే సెన్సర్ పెడితే ఈ పని చాలావరకు ఆగుతుంది. నిజంగా తెరిచే ఉంచవలసిన తలుపయితే, మంటల అలారం మోగగానే వదిలేసే అయస్కాంతంతో గోడకు పట్టి ఉంచాలి.

మీ చేతిలో ఒక భవనం ఉంటే ఈ వారం ఒక పని చేయండి. అందులోని అత్యవసర ద్వారాన్ని ఎన్నడూ తెరవని మనిషిని పిలిచి, దీపాలు ఆర్పి, ఇంకొకరిని రెక్కకు ఆనుకుని నిలబడమని చెప్పి, ఏమీ వివరించకుండా బయటికి వెళ్లమనండి. ఒక చేత్తో, ఒక్క కదలికతో తెరుచుకోకపోతే, పైన ఎవరో బిగించిన ఆ అదనపు గడియను అదే రోజు ఊడదీయించండి.