సవరణ: బాణం తగిలిన జింక వెంట ఎప్పుడు వెళ్ళాలి?

అమెరికాలో విల్లుతో తొలి జింకను కొట్టబోయే మన కోనసీమ, భీమవరం కుర్రాళ్ళ కోసం పెట్టిన పోస్టులో "బాణం తగిలాక అరగంట ఆగి వెతకండి" అని ఉంది. ఆ అరగంట గుండెకో ఊపిరితిత్తులకో తగిలినప్పుడే సరిపోతుంది. అన్ని దెబ్బలకూ అదే లెక్క పెట్టుకోకండి.

ముందు జింకలోంచి దూసుకుపోయి కింద పడిన బాణం తీసి చూడండి. లేత ఎరుపు నెత్తురు, అందులో సన్నటి నురగ ఉంటే ఊపిరితిత్తులు. ముదురు ఎరుపుగా, నురగ లేకుండా ఉంటే చాలావరకు కార్జం. 4 నుంచి 6 గంటలు ఆగాలి. బాణానికి పచ్చటి పసరు, నమిలిన మేత తునకలు అంటుకుని పేడ కంపు కొడితే పొట్టో పేగులో. ఎక్కువమంది జింకను పోగొట్టుకునేది ఇక్కడే. కదపకపోతే అది దగ్గర పొదలోనే పడుకుని ప్రాణం వదులుతుంది. తొందరపడి లేపారా, చాలా దూరం పోతుంది. మేత గాయానికి అడ్డుపడి నెత్తురు చుక్క కూడా రాలదు. 8 నుంచి 12 గంటలు ఆగాల్సిందే. ఎండకు మాంసం చెడుతుందనో, వానకు జాడ చెరుగుతుందనో భయముంటే, అక్కడి చట్టం ఒప్పుకుంటే జాడ పట్టే కుక్కను పిలిపించండి.

జాడ మీద నడవకండి, పక్కన నడవండి. చివరి చుక్క దగ్గర గుర్తు పెట్టాకే ముందుకు కదలండి.

ఇదంతా అక్కడ లైసెన్సు, సీజను ఉన్నవాళ్ళకే. కోరింగ మడ అడవులైనా పాపికొండలైనా, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దగ్గర జింక వేట నేరం.