నడినెత్తి ఫోటోలు

"జాగా లేదు, ఖాళీ చేయి" అని నా ఫోన్ కొన్నాళ్లుగా పోరు పెడుతోంది. మొన్న బడి నుంచి వచ్చి, ఆ పోరు పడలేక, అది అడిగిన చోటల్లా సరే, సరే అని నొక్కుకుంటూ పోయాను. అంతా అయ్యాక కూడా దాని ఆశ తీరలేదు. బిన్‌లో ఇంకా కొన్ని ఉన్నాయి, అవి కూడా తీసేయమంటారా అంది. సరే అన్నాను. దాంతో చెర్వుగట్టులో తీసిన మా మేనల్లుడి పుట్టువెంట్రుకల ఫోటోలు పోయాయి. గుడ్ మార్నింగ్ బొమ్మల్లో మాత్రం ఒక్కటి కూడా పోలేదు.

ఆ రోజు జడల రామలింగేశ్వరస్వామి గుడి దగ్గర పిల్లవాడు మేనమామ ఒళ్లో, అంటే నా ఒళ్లో ఉన్నాడు. ఫోన్ మా ఇంటామె చేతిలో ఉంది. ఫోటోగ్రాఫర్‌ని మాట్లాడతానని బావ అంటే, "మా సార్ ఫోన్ల కెమెరా మస్తుంటది, పైసలెందుకు దండుగ" అని ఆపింది కూడా ఆమే. ఫోటోలు ఎవరికీ పంపకుండా ఆపింది కూడా ఆమే. మంచివి ఏరి పంపుదామంది.

గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయిన ఫోటో తుడిస్తే 60 రోజులు బిన్‌లో ఉంటుందట, కానిది 30 రోజులట. బిన్‌నే ఊడ్చేసిన నాకు రెండూ ఒకటే. అసలు నా బ్యాకప్ ఎప్పుడో ఆగిపోయింది. ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే మెయిళ్లతో పాటు ఫోటోలు కూడా సర్దుకోవాలని 2021 జూన్‌లో కొత్త లెక్క పెట్టారు. నా జాగా అంతా లోన్ ఇస్తామనే మెయిళ్లు ఆక్రమించాయి. నేను ఎవరినీ రూపాయి అప్పు అడగలేదు.

పోయిన ఫోటోలు క్షణంలో తెచ్చిస్తామనే యాప్ ఒకటి వేసుకున్నాను. అది చాలాసేపు వెతికి, ఫోన్‌లో ఉన్న ఫోటోలనే మళ్లీ నాకు చూపించి, వారానికింత కట్టమంది. ఇక గడియారం సెంటర్ దగ్గర రికవరీ బోర్డు కనబడిన షాపులోకి వెళ్లాను.

"పైసలు ముందే సార్. వచ్చినా, రాకున్నా" అన్నాడు కౌంటర్ దగ్గరి కుర్రాడు. కట్టాను. మర్యాదగా ఒక పొట్టి స్టూలు వేశాడు. ఫోన్‌కు వైరు తగిలించి, "చిన్న స్క్రీన్ల ఏం కనవడదు సార్" అంటూ గోడ మీద ఉన్న పెద్ద టీవీకి కలిపాడు. గ్లాసు మార్పించుకునేవాళ్లు, రీచార్జికి వచ్చినవాళ్లు, ఏ పనీ లేక ఏసీ కోసం నిలబడ్డవాళ్లు, అందరూ టీవీ వైపు తిరిగారు.

కరెంటు బిల్లు వచ్చింది. గ్యాస్ పుస్తకం వచ్చింది. ఆ తర్వాత టీవీ నిండా ఒక చెరువు వచ్చింది.

"ఏం చెరువే గిది?" అన్నాడు ఒకాయన.

"మన ఉదయసముద్రమే. నడుమ ఎండింది జూడు, చుట్టూ చెట్లున్నయి. డ్రోన్‌తోటి తీసిండ్రు."

"నడుమ తెల్లగ మెరుస్తున్నదేంది?"

"పుట్టి. చేపలు పట్టెటోళ్లది."

"ఎండిన చెర్ల పుట్టెట్ల తిరుగుతది?"

నిజంగానే మంచి ప్రశ్న. దానికి జవాబు ఆ షాపులో నాకొక్కడికే తెలుసు. అది చెరువు కాదు, నా నడినెత్తి. ఆ మెరిసేది రూపాయి బిళ్ల. జుట్టు మొలిపిస్తామన్న క్లినిక్ వాళ్లు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి నెలనెలా వాట్సాప్‌లో పంపమన్నారు. దగ్గరగా తీస్తే బట్టతల పెద్దగా, దూరంగా తీస్తే చిన్నగా పడుతుంది. మరి తగ్గిందో పెరిగిందో తేలేదెట్లా? లెక్కలు చెప్పుకుని బతికేవాణ్ని, కొలతకు ఒక ప్రమాణం ఉండాలని నెత్తిన రూపాయి పెట్టుకుని తీశాను. బిళ్ల వ్యాసం తెలిస్తే ఖాళీ జాగా వైశాల్యం కట్టొచ్చు. ఇంత శాస్త్రీయంగా ఫోటోలు పంపిన రోగి ఇంకొకడు ఉండడు. ఆ క్లినిక్ వాళ్లు మెచ్చుకున్నది లేదు, ఫీజు తగ్గించింది అంతకన్నా లేదు.

చెరువు తగవు తెగడం లేదని కుర్రాడు రెండు వేళ్లతో ఫోటోను పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. పుట్టుమచ్చ కనబడింది.

"అరే, మనిషి నెత్తి!"

అందరూ పక్కవాళ్ల తలల వైపు చూడడం మొదలుపెట్టారు. నేను పొట్టి స్టూలు మీద ఉన్నాను, వాళ్లంతా నిలబడి ఉన్నారు. వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు.

"అయ్యో, మన లెక్కల సారే! నమస్తే సార్. మావోడు తొమ్మిదో తరగతి. ఎట్ల సదువుతున్నడు సార్?"

వెనక టీవీలో నా నెత్తి ఎడమ వైపు నుంచి, కుడి వైపు నుంచి వరసగా తిరుగుతోంది. బాగానే చదువుతున్నాడని చెప్పాను. ఏ పిల్లవాడో నాకిప్పటికీ తెలియదు. ఇంకొకాయన ఉల్లిగడ్డ రసం రాయమన్నాడు. గుంటగలగరాకు నూనె ముందు అదెంత అని మరొకాయన కొట్టిపారేశాడు. నూనె ఎట్లా కాచాలో కుర్రాడు కూడా శ్రద్ధగా వింటున్నాడు. డబ్బులు తీసుకున్న పని ఎవరికీ గుర్తు లేదు.

2019లో ఆండ్రాయిడ్ 10 వచ్చినప్పటి నుంచి కొత్త ఫోన్లు ప్రతి ఫోటోనూ తాళం వేసి దాస్తాయని, తుడిస్తే తాళంచెవి కూడా పోతుందని, ఆ తర్వాత షాపులవాళ్లకు దొరికేవి ఎక్కడో మిగిలిన చిన్న చిన్న నకళ్లేనని మా బడిలో కంప్యూటర్ చెప్పే సారు తీరిగ్గా మర్నాడు వివరించాడు. ఒకరికి పంపిన ఫోటోల నకళ్లను వాట్సాప్ తన దగ్గర విడిగా పెట్టుకుంటుందట. అందుకే క్లినిక్‌కు పంపిన నెత్తి నాలుగు వైపులా భద్రంగా ఉంది. ఈ సంగతి షాపు కుర్రాడికి తెలియదంటే నమ్మను. బోర్డు మీద రాస్తే ఎవరూ లోపలికి రారు కదా.

చివరికి పుట్టువెంట్రుకలవాటిలో ఒకే ఒక్కటి దొరికింది, గోరంత. అది కూడా మా ఇంటామె నిలబడి పైనుంచి తీసింది. పిల్లవాడు ఏడుస్తుంటే నేను ముందుకు వంగి ఊరుకోబెడుతున్నాను. బొమ్మలో ముప్పావు భాగం ఏముందో చెప్పనక్కర్లేదు.

చెల్లె అడిగీ అడిగీ అలిగింది. ఏదో ఒకటి అని దాన్నే ఇంటి గ్రూపులో పెట్టాను. బావ వెంటనే రాశాడు: "పుట్టెంటికలు తీసింది పిలగానికా, మీకా?"

గ్రూపులో అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. ఆఖరికి మా ఇంటామె కూడా. పెట్టినవాళ్ల పేర్లన్నీ కాగితం మీద రాసి బీరువాలో పెట్టాను.